ఒక్క చుక్కా తగ్గించను

నా లాప్‌టాప్‌ని చూసి నవ్వినవాళ్ళ సంగతి ముందే చెప్పేస్తాను. స్టీవెనేజ్‌లో మా మొదటి మేనేజర్ దాన్ని ఇటుక అన్నాడు. మా అమ్మాయి కావ్య హెయిర్ డ్రయర్ అంది. గ్లాస్గోలో గోర్డన్ అనే బాసు మ్యూజియం సరుకు అన్నాడు. మా ఆయన రాఘవ నోటితో ఏమీ అనలేదు గానీ, రైల్లో నేను దాన్ని తెరిస్తే కాస్త పక్కకి జరిగి కూర్చునేవారు. వాళ్ళెవరి మీదా నాకు కోపం లేదు. అయితే నా అభిప్రాయం కూడా మారలేదు.

ఈమధ్య లీసెస్టర్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో పెళ్ళికి వెళితే, సర్వే కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు నన్ను పట్టుకున్నారు. "ఆంటీ, మీరు ఇదే ఫీల్డులో చేసి రిటైరయ్యారంట కదా, మమ్మల్ని ఏ లాప్‌టాప్ కొనమంటారు?" అని అడిగారు. మోడల్ పేరు కోసం ఫోన్లు తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. నేను చెప్పలేదు. మోడల్ పేరు చెబితే ఏడాది తిరక్కుండానే పాతబడుతుంది. పాతబడని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి పెళ్ళి పందిట్లో నిలబడి చెప్పేవి కావు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, అప్రైజళ్ళ గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

పని ఏమిటంటే

అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి, కావ్య బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఉద్యోగంలో చేరాను. కట్టడాలను కొలవడం నా పని. మొదట్లో టేపులతో కొలిచేవాళ్ళం, తర్వాత లేజర్ స్కానర్లు వచ్చాయి. మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి బటన్ నొక్కితే స్కానర్ తల గిర్రున తిరుగుతూ తనకి కనిపించిన ప్రతిదాని దూరాన్నీ కొలుస్తుంది. ఒక్కో కొలత ఒక్కో చుక్క. ఒక చోట ఒకసారి తిప్పితే కోట్ల చుక్కలు వస్తాయి. భవనం చుట్టూ, మెట్ల మీద, అటక మీద, పెరట్లో, ఇలా ఎన్నో చోట్ల నిలబెట్టి తెచ్చిన చుక్కలన్నిటినీ కంప్యూటర్లో ఒకదానికొకటి అతికిస్తే ఆ భవనం మొత్తం తెర మీద లేచి నిలబడుతుంది. దాన్ని తిప్పి చూడొచ్చు, అడ్డంగా కోసి చూడొచ్చు, గోడ ఎక్కడ ఎంత ఉబ్బిందో కొలవొచ్చు.

మామూలు లాప్‌టాప్‌లు ఈ బరువు మోయలేవు. డెస్కు కింద పెట్టే పెద్ద కంప్యూటర్ పనిని సంచిలో వేసుకుని తీసుకెళ్ళేలా తయారుచేసినవి వేరే ఉంటాయి. వాటినే మొబైల్ వర్క్‌స్టేషన్ అంటారు. లావుగా, బరువుగా ఉంటాయి, ఫ్యాన్లు హోరెత్తుతాయి, చార్జర్ నిజంగానే ఇటుకంత ఉంటుంది. అందం ఎక్కడా కనబడదు.

అవి లేనివాళ్ళు ఒక సులువు మార్గం పడతారు. చుక్కల్ని తగ్గిస్తారు. ప్రతి పదింటిలో తొమ్మిది పారేయమని సాఫ్ట్‌వేర్‌కి చెబితే పారేస్తుంది. ఫైలు తేలికైపోతుంది, లాప్‌టాప్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. గోడ గోడలాగే కనిపిస్తుంది, ఇంకా నున్నగా కూడా కనిపిస్తుంది. పగుళ్ళు మాత్రం పోతాయి. ఇటుకల మధ్య సందులు పోతాయి. పోయాయని చూసేవాడికి తెలియదు. మా వృత్తిలో జరిగే చాలా తప్పులు ఇక్కడే పుడతాయి. అలా తగ్గించమని చెప్పే బాసులు మీకూ దొరుకుతారు, ఎదురుచూడండి.

హిల్డా వంటగదిలో

స్టీవెనేజ్‌లో మా కంపెనీ అందరికీ పల్చటి వెండిరంగు లాప్‌టాప్‌లు ఇచ్చింది. క్లయింట్ల ముందు పెడితే బాగుంటాయని మేనేజర్ ఏరి కొన్నాడు. ఒకసారి ఒక ఫ్యాక్టరీ పైకప్పు కొలిచి, అక్కడే క్లయింటుకి చూపిస్తుండగా నాది సగం కప్పు దగ్గర బిగుసుకుపోయింది. మౌస్ కదల్లేదు. క్లయింట్ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆఫీసుకొచ్చి మెమరీ పెంచమని అడిగితే అది బోర్డుకే అతికించేసి ఉందని, పెంచడం కుదరదని, చుక్కలు తగ్గించుకోమని మేనేజర్ చెప్పాడు.

హిల్డా మా సీనియర్ సర్వేయర్. నాకు నచ్చిన ఒకే ఒక్క బాసు అని కూడా చెప్పొచ్చు. ఆవిడ సొంతంగా ఒక నల్లటి లావుపాటి మెషిన్ తెచ్చుకునేది. నన్ను ఒక శనివారం ఇంటికి రమ్మని, వంటగది బల్ల మీద టీ టవల్ పరిచి, దాన్ని బోర్లా పెట్టి మూత తీసి చూపించింది. విప్పిన స్క్రూలు విప్పిన వరుసలోనే కోడిగుడ్ల అట్టపెట్టె గుంటల్లో వేసుకుంటూ పోయింది. మూత అంచుల్లోకి లైబ్రరీ కార్డు దూర్చి నెమ్మదిగా పైకి లేపింది. అన్నిటికన్నా ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలంది. మెమరీ పలకని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా ఉన్న కొక్కేలు టక్కుమంటాయి, ఆ చప్పుడు వినిపించేదాకా పని అయినట్టు కాదంది. తర్వాత అంతా విప్పేసి నన్ను మొదటినుంచి చేయమంది. నేను మొదటి స్క్రూ తిప్పగానే టీ పెట్టడానికి లేచింది.

"మూత తీయనివ్వని మెషిన్ కొనకు సుభా," అంది కెటిల్ దగ్గర్నుంచి. "దానికి ఎంత పని చెప్పాలో అప్పుడు ఇంకెవరో నిర్ణయిస్తారు."

ఆ నెలలోనే, ఏదో ఇంజనీరింగ్ కంపెనీ వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మేనేజర్ ఇటుక అన్నది దాన్నే. దాని తర్వాత మరో రెండు మార్చాను. ఏది కొన్నా ముందు చూసుకున్నది ఒకటే, నా చేత్తో మెమరీ మార్చుకోవచ్చా, రెండో డిస్క్ పెట్టుకోవడానికి చోటుందా అని. బరువు ఎంతో చూసి లాప్‌టాప్ కొనే సర్వేయర్‌ని నేను నమ్మను. నా కుడి భుజం ఇవాళ్టికీ నొప్పి పెడుతుంది. పెట్టనీ.

ఇంటికి తెచ్చాక

కొనడంతో మెషిన్ మీదైపోదు. అమ్మినవాడు అందులో నింపి పంపినదంతా ముందు తుడిచేయండి. విండోస్‌ని శుభ్రంగా మళ్ళీ వేసుకోండి. గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవర్, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, వేసేటప్పుడు కొత్తదానికోసం ఎగబడకండి. ఆటలు ఆడేవాళ్ళ కోసం వచ్చేది ఒకటుంటుంది, పని చేసుకునేవాళ్ళ కోసం నిదానంగా పరీక్షించి వదిలేది ఇంకొకటుంటుంది. రెండోది వేసుకోండి. అది పనిచేస్తున్నంతకాలం దాని జోలికి పోకండి.

డిస్క్‌లు రెండు ఉండాలి. ఒకదాంట్లో విండోస్, సాఫ్ట్‌వేర్. రెండోదాంట్లో పని తాలూకు డేటా మాత్రమే. రెండిటికీ తాళం వేయండి, అంటే ఎన్‌క్రిప్షన్ పెట్టండి. రైల్లో సంచి పోతే పోయేది మీ మెషిన్ ఒక్కటే కావాలి, ఎవరింటి కొలతలూ పోకూడదు. సొంత మెషిన్ మీద ఆఫీసు పని చేసేటప్పుడు ఆఫీసు ఐటీ వాళ్ళకి చెప్పి, చూపించి, నమోదు చేయించండి. దొంగచాటుగా వాడకండి. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

గేమింగ్ లాప్‌టాప్ సరిపోదా అని ఒక అబ్బాయి ఆ పెళ్ళిలో అడిగాడు. కొన్నాళ్ళు సరిపోతుంది. ఆటలో ఒక క్షణం తడబడినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి దాన్ని ఆ లెక్కలో తయారుచేస్తారు. మన పని రోజంతా ఒకే మంట మీద ఉడుకుతుంది. ఫ్యాన్లలో దుమ్ము చేరనివ్వకండి. రెక్కని వేలితో పట్టుకుని మరీ గాలి కొట్టండి, లేకపోతే ఆ వేగానికి ఫ్యానే పాడవుతుంది. ఇలాంటివి చెబితే మన పిల్లలకి నామోషీ. లాప్‌టాప్ విప్పడం మెకానిక్కు పని అనుకుంటారు. వాళ్ళ ఇష్టం. నేను మాత్రం విప్పాను.

గ్లాస్గో గోడ

రాఘవ బ్యాంకు ఉద్యోగం గ్లాస్గోకి మారడంతో మేమూ అక్కడికి మారాం. నేను గోర్డన్ దగ్గర చేరాను. గోర్డన్ చెడ్డవాడు కాదు. తొందర మనిషి. ఏ పనైనా నిన్నటికల్లా అయిపోయి ఉండాలనుకునే రకం. ఆఫీసులో మంచి కంప్యూటర్లు తీసేసి, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లో మనిషికింత అని వాటా పంచే పద్ధతి తెచ్చాడు. నా వాటాతో ఒక మెట్లదారి తెరుచుకునేది, భవనం మొత్తం తెరుచుకునేది కాదు. ఎక్కువ కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. చుక్కలు తగ్గించడం అక్కడ అందరికీ అలవాటైపోయింది.

అప్పుడు ఒక టెనమెంట్ పని వచ్చింది. టెనమెంట్ అంటే గ్లాస్గోలో వీధి పొడుగునా ఉండే నాలుగంతస్తుల రాతి భవనం. ఒకే మెట్లదారి, అంతస్తుకి రెండు మూడు ఫ్లాట్లు. ఈ భవనం వెనక గోడ ఉబ్బి ఉంది. కొన్నేళ్ళ క్రితం ఇంకో కంపెనీ దాన్ని స్కాన్ చేసింది. ఇప్పుడు మేము మళ్ళీ స్కాన్ చేసి, పాతదాంతో పోల్చి, గోడ కదులుతోందో లేదో చెప్పాలి. కదులుతోందంటే అద్దెకున్నవాళ్ళందర్నీ ఖాళీ చేయిస్తారు. ఖాళీ చేశాక మళ్ళీ అదే ఇంటికి ఎవరైనా తిరిగొస్తారా అంటే, ఆ భవనంలో ఎవరూ నమ్మలేదు.

స్కాన్ చేయడానికి నేనే వెళ్ళాను. రెండో అంతస్తులో జీనెట్ అనే ఆవిడ ఉండేది. బస్సు నడిపి రిటైరైన మనిషి, నా వయసే ఉంటుంది. కిటికీ దగ్గర స్టాండు పెట్టుకోవాలని అడిగితే, ఆరేసిన బట్టలు ఉన్న చట్రాన్ని తాడు లాగి పైకప్పుదాకా ఎత్తి నాకు చోటిచ్చింది. పని అయ్యాక టీ ఇస్తూ అడిగింది: "నిజం చెప్పు, హెన్. నా గోడ పడిపోతోందా?"

గ్లాస్గోలో ఆడవాళ్ళు తోటి ఆడవాళ్ళని అలా హెన్ అని పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు. ఇప్పుడే చెప్పలేనని, కొలిచి చూసి చెబుతానని అన్నాను.

ఆఫీసులో ఆ రెండు స్కాన్‌లనీ చుక్కలు తగ్గించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, గోర్డన్ మనుషులు రంగుల బొమ్మ తయారుచేశారు. గోడంతా ఎర్రగా, అంటే కదిలినట్టుగా వచ్చింది. బొటనవేలి మందాన బయటికి జరిగిందని లెక్క తేలింది. ఫీల్డు పని నాది కాబట్టి నన్ను సంతకం పెట్టమన్నారు.

బొమ్మ చూస్తుంటే నాకు ఒక సంగతి మింగుడుపడలేదు. ఉబ్బిన గోడ ఒక్కటే ఎరుపు కాదు. పక్క భవనం పునాది రాళ్ళు కూడా అంతే ఎరుపు. భూమిలోకి దిగిన రాళ్ళు అవి. అవి కూడా అదే వైపుకి, అంతే దూరం జరిగాయంటే నమ్మేదెలా? రెండు స్కాన్‌లని పేర్చడంలోనే ఎక్కడో తేడా వచ్చిందని చెప్పాను. పూర్తి చుక్కలతో మళ్ళీ పేర్చాలని, దానికి దూరపు కంప్యూటర్లో పెద్ద వాటా కావాలని అడిగాను. ఇప్పట్లో దొరకదని, రిపోర్టు శుక్రవారానికి వెళ్ళాలని గోర్డన్ అన్నాడు. నేను సంతకం పెట్టనన్నాను. సోమవారం దాకా ఆగడానికి విసుగ్గా ఒప్పుకున్నాడు.

మెమరీ మార్చిన ఆదివారం

నా మెషిన్ ఐటీ దగ్గర నమోదై ఉంది. డేటా దానిమీద పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది మెమరీతోనే. ముప్పైరెండు జీబీ ఉంది. రెండు స్కాన్‌లూ పూర్తిగా తెరవాలంటే దానికి నాలుగింతలు కావాలి. నా మెషిన్ అంతదాకా తీసుకుంటుంది, అలాంటిదని చూసే కొన్నాను. శనివారం మెమరీ తెచ్చాను. ఆదివారం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద టవల్ పరిచాను.

రాఘవ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా ఆయన మాటలో అనంతపురం అలాగే ఉంది.

"ఎందుకు సుభా నీకీ తలనొప్పి? వాళ్ళు చెప్పినట్ల రాసిచ్చేస్తే అయిపోతాది గదా. నీ దుడ్డు పెట్టి వాళ్ళ పని చేసేదేంటికి?"

"ఆ ఇంట్లోవాళ్ళు బయటికి పోతే కాగితం కింద ఉండేది నా పేరు. గోర్డన్ పేరు కాదు."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోతాది. సంతకం మాత్రం నేను చూసుకోకుండా పెట్టేది ల్యా."

ఆయన లేచి వెళ్ళి, స్క్రూలు సరిగ్గా కనబడాలని స్టాండు లైటు తెచ్చి నా పక్కన పెట్టారు.

నాలుగు మెమరీ పలకలకీ చోట్లు వేరువేరు. రెండు కింది మూత తీస్తే కనిపిస్తాయి, రెండు కీబోర్డు కింద దాక్కుని ఉంటాయి. కీబోర్డు పైకి లేపుతుంటే దాని తీగ రిబ్బను ముక్కలాగా చేతికి తగులుతుంది, కాస్త గట్టిగా లాగితే చిరుగుతుంది. అన్నీ టక్కుమనేదాకా నొక్కి, మూతలు వేసి, బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉంది. చూస్తూ కూర్చున్నాను, నల్లగానే ఉంది. వారాంతానికి ఇంటికొచ్చిన కావ్య గుమ్మంలోంచి తొంగిచూసి, "మమ్, హావ్ యూ కిల్డ్ ఇట్?" అంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. కొత్త మెమరీ పెట్టాక మొదటిసారి మెషిన్ దాన్ని మూలమూలలా తడిమి చూసుకుంటుంది, అప్పటిదాకా తెర వెలగదు. ఇది తెలియక మధ్యలో ఆపేసి, మెమరీ చెడిపోయిందని తిరిగిచ్చేసేవాళ్ళు ఎంతోమంది. మీరు ఆగండి. చివరికి తెర వెలిగింది. నూట ఇరవై ఎనిమిది జీబీ అని చూపించింది. రాఘవ నాకన్నా ముందు గట్టిగా ఊపిరి వదిలారు.

రెండు స్కాన్‌లూ పూర్తిగా తెరిచాను. తేడా ఎక్కడుందో వెతకడానికి ఎక్కువ కష్టపడలేదు. గోర్డన్ మనుషులు రెండిటినీ పేర్చడానికి పెరట్లో చెత్తడబ్బాలు పెట్టే ఇటుక గదిని గుర్తుగా తీసుకున్నారు. తగ్గించిన చుక్కల్లో అది రెండు స్కాన్‌లలోనూ ఒకేలాంటి పెట్టెలా ఉంది. పూర్తి చుక్కల్లో చూస్తే ఇటుక వరసలే వేరు. మధ్యలో ఎప్పుడో దాన్ని పడగొట్టి, కొంచెం జరిపి కొత్తగా కట్టారు. కదలని గోడని, జరిగిన గదిని బట్టి కొలిచారన్నమాట. పక్క భవనం పునాదుల్ని గుర్తుగా పెట్టి మళ్ళీ పేర్చాను. ఎరుపంతా పోయింది. గోడ పాత ఉబ్బుతోనే, ఉన్నచోటే నిలబడి ఉంది. ఒక్కచోట మాత్రం కదలిక నిజమే. రెండో అంతస్తు కిటికీ మీది అడ్డరాయి కొంచెం దిగింది, పక్కనే వాననీటి గొట్టం కారుతోంది. అంటే మరమ్మతు చేయాలి, ఇళ్ళు ఖాళీ చేయించాల్సిన పని లేదు.

హాల్లో జరిగింది

సోమవారం గోర్డన్‌కి చూపించాను. ఆయన చూశాడు. తప్పు ఎక్కడుందో అర్థమైందని ఆయన మొహంలోనే తెలిసింది. కానీ క్లయింటుకి అప్పటికే ఫోన్లో గోడ కదులుతోందని చెప్పేశాడట. "సొంత మెషిన్ మీద తేల్చినవి మేము ఒప్పుకోలేం," అన్నాడు. మన ఐటీ దగ్గర నమోదైన మెషిన్ అని గుర్తుచేశాను. అయితే ఈ విషయం తర్వాత చూద్దామని, బుధవారం అద్దెదారులతో జరిగే మీటింగుకి నేను రానక్కర్లేదని చెప్పాడు.

నేను వెళ్ళాను. ఆ భవనం కొలిచింది నేను. నన్నెందుకు రావద్దన్నారో తెలిసి కూడా ఇంట్లో కూర్చుంటే ఆ తర్వాత ఏ ఇంటి గుమ్మం తొక్కి కొలతలు తీసుకునే మొహం నాకుండేది?

వీధి మలుపులో ఉన్న చర్చి హాల్లో మీటింగు. అద్దెదారులంతా కోట్లు విప్పకుండా కూర్చున్నారు. యజమాని సంస్థ తరఫున ఆస్తి మేనేజర్ ఒకావిడ వచ్చింది. గోర్డన్ ఎర్రగోడ బొమ్మ చూపించి మాట్లాడాడు. ఆయన ముగించాక నేను లేచి, ఆ స్కాన్ చేసింది నేనేనని, ఆ బొమ్మ సరైంది కాదని చెప్పి లాప్‌టాప్‌ని ముందున్న బల్ల మీద పెట్టాను. ఫ్యాన్లు హోరెత్తాయి. ఎవరో నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ చేరారు. వాళ్ళ మెట్లు, వాళ్ళ తలుపులు, తాళ్ళు కట్టిన పెరడు, అన్నీ చుక్కలుగా తెర మీద ఉన్నాయి. పెరట్లోకి తిప్పి, పాత ఇటుక గదినీ కొత్తదాన్నీ పక్కపక్కన చూపించాను.

"లారీ గుద్దాక మళ్ళీ కట్టారు దాన్ని," అంది జీనెట్.

ఆస్తి మేనేజర్ ఆవిడ గోర్డన్ వైపు తిరిగింది. "మీ బొమ్మలో పక్క భవనం పునాది కూడా కదిలినట్టుంది. అది నిజమేనా?"

గోర్డన్ దాన్ని పరిశీలించాలి అన్నాడు. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, అయితే పరిశీలించాకే మాట్లాడదామంది.

ఇంకో కంపెనీ చేత మళ్ళీ కొలిపించారు. గోడకి కదలిక చూపే కొలబద్దలు అతికించి చలికాలమంతా గమనించారు. గోడ కదల్లేదు. గొట్టం మార్చారు, అడ్డరాయికి ఊతం పెట్టారు. ఎవరూ ఖాళీ చేయలేదు. ఇదంతా తేలకముందే ఆఫీసులో కొత్త నియమం వచ్చింది, సొంత మెషిన్లు వాడకూడదని. అప్పటినుంచి నాకు కార్ పార్కులే కొలవడానికి ఇచ్చారు. కొన్నాళ్ళు కొలిచాను. గీతలు గీసిన ఖాళీ స్థలాల్ని ఎంతకాలం కొలుస్తాం? రాజీనామా ఇచ్చాను.

వెళ్ళే రోజు ఐటీ వాళ్ళు నా లాప్‌టాప్ అప్పగించమన్నారు, మొత్తం తుడిచి ఇస్తారట. గోర్డన్ కూడా అక్కడే ఉన్నాడు. డేటా మీది, తీసుకోండి అన్నాను. వాళ్ళ ఎదురుగానే కంపెనీ పనులున్న డిస్క్‌లోని డేటాని వాళ్ళ కంప్యూటర్లోకి ఎక్కించి, నా దగ్గరది తుడిచి, ఖాళీ అయిందని చూపించాను. మెషిన్ మాత్రం ఇవ్వలేదు. దాని మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గోర్డన్ పోనీలే అన్నట్టు ఐటీ అబ్బాయికి తలాడించాడు. చివరిరోజున ఆయన చేసిన ఆ ఒక్క పనికి ఆయన్ని మెచ్చుకుంటాను.

వీధి చివరి భవనం

మెషిన్ నాదే. సాఫ్ట్‌వేర్ నెలకింత అని అద్దెకి దొరుకుతుంది. స్కానర్ కూడా కావలసినప్పుడు అద్దెకి తెచ్చుకోవచ్చు. అందువల్ల సొంతంగా పని మొదలుపెట్టడానికి నేను ఎవరి గుమ్మం ముందూ నిలబడాల్సిన అవసరం రాలేదు. సొంత పనిముట్టు ఉంచుకోమని నేను మీతో ఇంత మొండిగా చెప్పడానికి కారణం అదే. కాదనే హక్కు మనకి ఎవరూ ఇవ్వరు, కాదన్నాక బతకగలిగే ఏర్పాటు మనమే చేసుకుని ఉండాలి.

కొన్నాళ్ళకి ఆ ఆస్తి మేనేజర్ ఫోన్ చేసింది. అదే వీధిలో మిగిలిన భవనాలన్నీ కొలవాలంది. చుక్కలు తగ్గించనని ముందే చెప్పాను. అందుకే మీకు ఫోన్ చేస్తున్నానంది. రిటైరయ్యేదాకా నా పనిలో ఎక్కువభాగం ఆ వీధిలోనే గడిచింది. నేను కనబడితే అక్కడివాళ్ళకి ధైర్యం. స్టాండు మోసుకుంటూ వెళుతుంటే పిలిచి టీ ఇచ్చేవాళ్ళు. ఆవిడ మన తరఫు మనిషి అని చెప్పుకునేవాళ్ళు. అది విన్నప్పుడల్లా నాకు భయం వేసేది. నేను ఎవరి తరఫూ కాదని చెబితే వినేవాళ్ళు కాదు.

వీధి చివరి భవనంలో ఆ భయం నిజమైంది. అంతకుముందు నేనే తీసిన స్కాన్‌తో పోల్చాను, ఈసారి పేర్చడంలో తప్పు లేదు. పునాదులు కదల్లేదు, ఆ పెరట్లోని ఇటుక గది కదల్లేదు. పక్క గోడ ఒక్కటే కదిలింది. కిందికన్నా పైన ఎక్కువ కదిలింది. నమ్మలేక మళ్ళీ మొదటినుంచి పేర్చాను. తెలిసిన ఇంకో సర్వేయర్‌కి నా లెక్క చెప్పకుండా డేటా ఒక్కటే ఇచ్చి, ఆయన మెషిన్ మీద చేయించాను. ఆయనకీ అదే వచ్చింది. ఆ గోడవైపు ఫ్లాట్లు వెంటనే ఖాళీ చేయాలని రాసి సంతకం పెట్టాను.

ఆ గోడవైపు పై అంతస్తులో ఆగ్నెస్ ఉండేది. జీనెట్‌కి చిన్ననాటి స్నేహితురాలు. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళతో ఆవిడ తలుపు తీయనందట. జీనెట్ నాకు ఫోన్ చేసింది. వెళ్ళాను. మెట్ల మీద జీనెట్ నిలబడి ఉంది. నా మొహంకేసి చూడకుండా మాట్లాడింది. మా గోడ నిలబెట్టావు, దీన్నీ నిలబెట్టలేవా అంది. నేను ఏ గోడనీ నిలబెట్టలేదని, అప్పుడు ఉన్నదే చెప్పానని, ఇప్పుడూ ఉన్నదే చెబుతున్నానని అన్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. అయినా నా మాట మార్చలేదు.

ఆగ్నెస్ గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది. వెనక గదిలో టీవీ నడుస్తోంది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది.

"నీ కంప్యూటర్ పొరపాటు పడదా?" అంది.

"పడుతుంది," అన్నాను. "అందుకే మళ్ళీ చేశాను. ఇంకొకాయన చేత కూడా చేయించాను. మీరు చెయ్యమంటే ఇంకోసారి చేస్తాను. కానీ మీరు బయటికొచ్చాక చేస్తాను."

ఆవిడ తలుపు మూసింది. లోపల టీవీ ఆగింది. గొలుసు తీసిన చప్పుడైంది. ఆవిడ కోటు వేసుకుని బయటికొచ్చింది.